నాగ్‌పాడాలో డబ్బా నాష్తా దింపాలనుకునే వారికి సలహాలు

విదేశాల్లో తయారైన డబ్బా నాష్తా సరుకును, అంటే కార్న్ ఫ్లేక్స్, రంగురంగుల రింగులు, తేనె పట్టించిన ఓట్లు వగైరాలను బొంబాయి రేవులో దింపి నాగ్‌పాడా, కామాటిపురా గల్లీల్లో అమ్మాలని మీరు నిశ్చయించుకున్నారు. శుభం. ఈ వ్యాపారంలో అన్నిటికంటే ముందు పాటించాల్సిన జాగ్రత్త ఒకటుంది. పొద్దున పూట ఆ వైపు వెళ్ళకండి.

వెళ్తే మనసు చెడుతుంది. తెల్లవారకముందే ఒంటి గదుల చాల్ వరండాలో బిందెలు, డ్రమ్ములు వరస కట్టి ఉంటాయి. నీళ్ళు వదిలే ఆ కాసేపట్లో పట్టుకోవాల్సినవన్నీ పట్టుకున్నాకే పొయ్యి వెలుగుతుంది, పొయ్యి మీద మొదట ఎక్కేది చాయ్. బేకరీలో అప్పుడే దిగిన పావ్, ఖారీ. ఇరానీ హోటల్లో బ్రున్ మస్కా. అల్యూమినియం డబ్బా సైకిలుకు కట్టుకుని భోంపూ మోగిస్తూ ఇడ్లీల అన్న. నాగ్‌పాడా జంక్షన్ వైపు రాత్రంతా సన్నసెగ మీద ఉడికిన నిహారీ. రాత్రి పని చేసేవాళ్ళు ఆ వేళకే నడుం వాలుస్తారు, వాళ్ళకు తెల్లారేసరికి మనకు మధ్యాహ్నం భోజనాలు అయిపోతాయి. ఇవన్నీ కళ్ళారా చూశారంటే 'వీళ్ళు ఇప్పటికే ఏదో ఒకటి తింటున్నారే' అన్న అనుమానం పుడుతుంది. దిగుమతి వ్యాపారికి ఆ అనుమానం క్షయరోగంలాంటిది. ఒకసారి పట్టుకుంటే వదలదు.

కాబట్టి సర్వే బాంద్రా కుర్లా కాంప్లెక్స్‌లో, ఏసీ గదిలో, పదకొండు దాటాక చేయండి. దేశ జనాభా తీసుకోండి. దాన్ని 365తో గుణించండి. ప్రతి మనిషీ రోజుకోసారి నాష్తా చేస్తాడు కదా, అందులో వందకు ఒక్కటి మీ డబ్బాలోంచి వస్తే చాలు, సొంత ఓడ కొనుక్కోవచ్చు. 'ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం' అని నసిగే అకౌంటెంట్ ఎవరైనా ఉంటే వెంటనే మార్చేయండి.

కెలాగ్స్ చేసిన పొరపాట్లు

మీకు ముందు ఈ దారిన నడిచిన పెద్దన్న ఒకరున్నారు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బాటిల్ క్రీక్ ఊరి నుంచి వచ్చిన కెలాగ్స్. 1991లో దేశం తలుపులు తెరిచింది, 1994లో వాళ్ళు సరుకు బజారులోకి వదిలారు. కార్న్ ఫ్లేక్స్‌తో పాటు గోధుమ ఫ్లేక్స్, బాస్మతి బియ్యపు ఫ్లేక్స్ కూడా తెచ్చారు. 1995 మార్చి నాటికి దేశమంతటా దొరికేలా చేశారు. మొదట్లో జనం ఎగబడి కొన్నారు, కొత్త వస్తువు కదా. ఆ ఏప్రిల్ కల్లా అమ్మకాలు నాలుగో వంతు పడిపోయాయి. ఈ కథను ఈనాటికీ బిజినెస్ స్కూళ్ళలో పాఠంగా చెబుతారు. పాఠం మాత్రం తప్పుగా చెబుతారు. జనం అలవాట్లు తెలుసుకోకపోవడం వాళ్ళ తప్పట.

నా దృష్టిలో వాళ్ళ అసలు తప్పు తలోజాలో ఫ్యాక్టరీ కట్టడం. పన్వేల్ పక్కన, ముంబయికి కూతవేటు దూరంలో కార్ఖానా పెట్టి, ఇక్కడి మనుషులకు ఉద్యోగాలిచ్చి సరుకు ఇక్కడే తయారు చేశారు. సముద్రం దాటి దిగింది ఫ్లేక్స్ కాదు, వాటిని తినే పద్ధతి ఒక్కటే. అది కస్టమ్స్ సుంకం లేకుండా వచ్చేసింది కనుక జనానికి దాని విలువ తెలియలేదు. మీరు ఆ పని చేయకండి. సరుకు, పద్ధతి రెండూ కంటెయినర్‌లోనే రప్పించండి.

ఆ పద్ధతి ఏమిటంటే చల్లని పాలు. బాటిల్ క్రీక్‌లో సీసా తెరిచి, గిన్నెలో వంచి, ఫ్లేక్స్ కరకరలాడుతుండగా తినేస్తారు. మన ఇళ్ళలో పాలు కాచకుండా ఎవరూ ముట్టరు. పైగా బొంబాయి పాలంటే గేదె పాలు. 1949లో గోరేగావ్ దగ్గర ఆరే కాలనీ పెట్టి ఊళ్ళోని గేదెల కొట్టాలను అక్కడికి తరలించిన రోజుల నుంచీ ఈ నగరం చిక్కటి పాలు కాచి, మీగడ తీసి, వేడిగా తాగడం మరిగింది. ఆ వేడి పాలు పడగానే ఫ్లేక్స్ కాస్తా అట్టముక్కల జావ అయ్యాయి. కరకర మోగాల్సింది కిమ్మనలేదు. పోనీ చల్లని పాలే పోసుకుందామంటే వేసిన చక్కెర కరక్క గిన్నె అడుగున మిగిలింది. ధర చూస్తే 100 గ్రాములకు 21 రూపాయల దాకా. అదే 100 గ్రాములు మోహన్స్ కార్న్ ఫ్లేక్స్ 16 రూపాయల 50 పైసలకే వస్తుండేది. ఓల్డ్ మంక్ రమ్ము తీసే మోహన్ మీకిన్ కంపెనీదే ఆ డబ్బా. అమెరికా పెద్దమనిషి వచ్చేదాకా పొద్దుటి ఆరోగ్యం బాధ్యత కూడా సారా కంపెనీయే చూసుకుందన్నమాట.

మీరు ధర ఇంకా పెంచండి. పాల విషయంలో డబ్బా వెనక ఒక హెచ్చరిక వేయించండి: 'పాలు కాచరాదు.' కరెంటు పోయినప్పుడు ఫ్రిజ్‌లో పాలు విరిగితే అది కరెంటు కంపెనీ సమస్య, మీది కాదు.

ఇంకోటి. కెలాగ్స్ వాళ్ళ ప్రకటనలు ఇడ్లీ, పూరీ, పరాఠా ఒంటికి బరువని, పోషకం చాలదని ధ్వనించేలా ఉండేవి. పిల్లలకు పొద్దున్నే మీరు పెట్టేది సరైన తిండి కాదని ఒక కంపెనీ వచ్చి తల్లికి చెప్పింది. ఆ తల్లికి కోపం వచ్చింది. ఈ అద్భుతమైన ప్రచారాన్ని వాళ్ళు మధ్యలోనే వదిలేసి 1996లో చాకోస్ తెచ్చారు, 1998లో మజ్జా అని మామిడి ఏలకుల రుచి, కొబ్బరి కుంకుమపువ్వు రుచి, గులాబీ రుచి తెచ్చారు, చివరికి ఉప్మా మిక్స్ కూడా అమ్మారు. దీన్ని లొంగుబాటు అంటారు. మీరు చివరిదాకా తల్లుల మీదే దాడి కొనసాగించండి.

కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు కూడా ప్రచారానికి వాడుకోవచ్చు. 1894లో బాటిల్ క్రీక్ శానిటోరియంలో డాక్టర్ జాన్ హార్వే కెలాగ్, తమ్ముడు విల్ కీత్ కలిసి రోగుల కోసం గోధుమ పిండి ముద్దను పలచటి రేకులుగా ఒత్తి కాల్చారు. 1906లో తమ్ముడు వేరుపడి మక్క రేకుల కంపెనీ పెట్టాడు. డాక్టరు గారి సిద్ధాంతం ప్రకారం ఉప్పూకారం లేని చప్పిడి తిండి మనిషిలోని కోరికలను చల్లారుస్తుంది. ఈ మాట కామాటిపురా గల్లీలో పెద్ద అక్షరాలతో బోర్డు కట్టించండి. రాత్రి పని చేసేవాళ్ళలో ఎవరి వ్యాపారం దెబ్బతింటుందన్న లెక్క తర్వాత చూసుకోవచ్చు.

రేవు, కాగితాలు, వాన

సరుకు బొంబాయి దగ్గరి నావా శేవా రేవులో దిగుతుంది. అక్కడ ఆహార భద్రత సంస్థ అధికారి ఒకాయన డబ్బా తిప్పి చూస్తాడు. 2017 నాటి దిగుమతి నిబంధనల ప్రకారం, దిగే నాటికి సరుకు ఆయుష్షులో 60 శాతమైనా మిగలాలి, లేదా ఎక్స్‌పైరీకి 3 నెలలైనా ఉండాలి. రెండిట్లో ఏది తక్కువైతే అది చాలు. ఈ నిబంధన చదివితే తాజా సరుకు కొనాలనిపిస్తుంది, ఖర్చు పెరుగుతుంది. చదవకండి. గడువు దగ్గరపడిందని అక్కడివాళ్ళు సగం ధరకు వదిలించుకునే సరుకునే ఏరుకోండి. ఓడ దారిలో ఎన్ని వారాలు పడుతుందో, రేవులో ఎన్నాళ్ళు ఆగుతుందో ఆ దేవుడికే వదిలేయండి. సరుకు ఆగితే డిమరేజ్ పడుతుంది, ఆగిన కొద్దీ ఆయుష్షు తరుగుతుంది, తరిగిన కొద్దీ క్లియరెన్స్ రాదు. చివరికి తిరిగి పంపడమో ధ్వంసం చేయడమో తప్పదు. మీ క్లియరింగ్ ఏజెంట్ మాత్రం ఫీజు తీసుకుంటాడు, ఒక తెలుగువాడో మరాఠీవాడో బాగుపడ్డాడని సంతోషించండి.

దిగుమతిదారు పేరు, చిరునామా, 14 అంకెల లైసెన్స్ నంబరు, శాకాహార గుర్తు స్టిక్కర్ మీద వేసి అంటించుకోవచ్చని చట్టం ఒప్పుకుంటుంది. ఆ స్టిక్కర్ సరిగ్గా ఎక్స్‌పైరీ తేదీ మీద పడేలా అంటించండి. గుర్తుకు రంగు ఆకుపచ్చ వేయించండి, కంటికి ఇంపుగా ఉంటుంది. అమెరికా పిల్లలకు ఇష్టమైన కొన్ని రకాల్లో మెత్తటి మార్ష్‌మెలో ముక్కలుంటాయి, వాటిలో జెలటిన్ ఉంటుంది, జెలటిన్ జంతువుల తోలూ ఎముకల నుంచి వస్తుంది, అప్పుడు పడాల్సింది గోధుమరంగు గుర్తు. ఏ జంతువు అని నాగ్‌పాడాలో అడుగుతారు. ఏ వారం తినొచ్చని కామాటిపురాలో అడుగుతారు. ఇద్దరికీ ఒకటే జవాబు ఇవ్వండి: 'ఇంపోర్టెడ్ మాల్.'

సరుకు జూలైలో రప్పించడం శ్రేష్ఠం. కాల్చి తీసిన ఫ్లేక్‌లో తేమ 3 శాతం అటూ ఇటూ ఉంటుంది. బొంబాయి జూలై గాలిలో తేమ 80 శాతం పైన. విప్పిన ప్యాకెట్టు సాయంత్రానికే మెత్తబడి కాగితం రుచికి వస్తుంది. అప్పుడు కాచిన పాలు పోసినా, చల్లని పాలు పోసినా తేడా ఉండదు కనుక పైన చెప్పిన పాల సమస్య దానంతట అదే తీరిపోతుంది.

గోదాం నేల మట్టానికి, ఎంత పల్లంలో దొరికితే అంత మంచిది. ఈ పేటలో అలాంటి చోట్లకు కొదవ లేదు. ఇదంతా ఒకప్పుడు పోటు నీళ్ళు తిరిగిన బురద. 18వ శతాబ్దంలో వర్లీ దగ్గర సముద్రపు గండికి హార్న్‌బీ వెల్లార్డ్ కట్ట వేశాక బయటపడ్డ పల్లపు నేల. దాన్ని మట్టిపోసి మెరక చేసి, రాయి పరిచి, బొంబాయిని బొంబాయిగా నిలబెట్టిన కూలీల్లో నిజాం ఇలాకా నుంచి నడిచొచ్చిన మన కామాటీలు ముందు వరసలో ఉన్నారు. కామాటిపురాకు పేరు వాళ్ళదే. తర్వాత వాళ్ళలోంచి కాంట్రాక్టర్లు లేచారు. పూనాలో జోతిబా ఫూలే 1873లో సత్యశోధక సమాజం పెడితే బొంబాయిలో దన్నుగా నిలబడ్డవాళ్ళలో ఈ తెలుగు కాంట్రాక్టర్లున్నారు. ఈనాడు విదేశీ చాక్లెట్లు, డబ్బా సీరియళ్ళు కావాలంటే బొంబాయివాళ్ళు పరుగెత్తే క్రాఫర్డ్ మార్కెట్‌కు అధికారిక పేరు మహాత్మా జోతిబా ఫూలే మండై. ఇలాంటి సంగతులు మీ సేల్స్ మీటింగ్‌లో ఎవరూ ఎత్తకుండా చూడండి. కొనేవాడికి రెండు వందల ఏళ్ళ చరిత్ర ఉందని తెలిస్తే వాడికి నాష్తా చేయడం నేర్పాలంటే మొహమాటం వేస్తుంది.

కొనేవాళ్ళ గురించి తెలుసుకోకూడని విషయాలు

మీ ప్రచారమంతా ఒక్క నమ్మకం మీద నిలబడాలి. ఈ జనం ఇంతవరకు ధాన్యాన్ని పేల్చి, అణచి, పాలలో వేసుకుని తినడం ఎరగరు. ఈ నమ్మకానికి ముప్పు కిరాణా కొట్టు గుమ్మంలోనే ఉంది, గోనె సంచుల్లో. ఒక సంచిలో అటుకులు, ఒక దాంట్లో మరమరాలు, ఇంకోదాంట్లో పేలాలు. వడ్లు నానబెట్టి, వేయించి, దంచి రేకు చేసినవే అటుకులు. బాటిల్ క్రీక్‌లో రోలర్ల మధ్య చేసిన పని మన ఊళ్ళలో రోకలితో చేశారు. పాలు, బెల్లం, అటుకులు ఇంట్లో జ్వరం పడ్డవాడికీ, కృష్ణాష్టమి ప్రసాదానికీ ఒక్కటే వంటకం. వేడి పాలు పోసినా అటుకులు అలగవు, మెత్తబడటమే వాటి గుణం. తొలి ఏకాదశికి తెలంగాణ ఇళ్ళలో పేలపిండి తప్పనిసరి: జొన్నలు పేల్చి, విసిరి, బెల్లం యాలకులు కలిపి. వానాకాలం మొదట్లో తేలిగ్గా అరిగే పొడి తిండి. పేల్చిన ధాన్యం, తీపి, మసాలా వాసన. దాన్నే రంగుల డబ్బాలో పెట్టి మీద ఒక పులి బొమ్మ వేస్తే మీ సరుకే. కానీ దానికి పండగ ఒక్కరోజే, మీకు ఏడాదంతా. తేడా గ్రహించారు కదా.

శాంపిళ్ళు పంచడానికి ఆ తొలి ఏకాదశి రోజునే ఎంచుకోండి. చాలామంది ఉపవాసం ఉంటారు, తీసుకున్న ప్యాకెట్టు విప్పరు, మీ సరుకు గురించి చెడ్డమాట పుట్టదు. నాగ్‌పాడా వైపు రంజాన్ నెలలో, పొద్దున ఎనిమిదింటికి, జంక్షన్‌లో టేబుల్ వేయండి. సహరీ వేళ, అంటే తెల్లవారుజామున పొయ్యి వెలిగించే ఓపిక లేక త్వరగా ఏదైనా తినాలనుకునే ఇల్లాళ్ళు వేలమంది ఆ చుట్టుపక్కల ఉంటారు. ఆ వేళకు దుకాణాలూ తెరిచే ఉంటాయి. అయినా మీరు ఎనిమిదికే రండి. మీ సేల్స్ మేనేజర్ నిద్ర లేచేది అప్పుడే.

మక్కల సంగతి ఇంకా జాగ్రత్తగా దాచాలి. బొంబాయి ఇళ్ళలో కార్న్ ఫ్లేక్స్ అంటే కాన్వెంటు పిల్లలు, ఫ్రిజ్, గాజు గిన్నె. కరీంనగర్, నల్గొండ, పాలమూరు నుంచి వచ్చిన ముసలివాళ్ళకు మక్కలంటే గటుక. మీ సేల్స్‌మన్ పొరపాటున ఒక అవ్వ దగ్గర నోరు జారితే మాటలు ఇలా నడుస్తాయి:

"ఏంది బిడ్డా ఇది?"

"నాష్తా అవ్వా. అమెరికాది. మక్కలతోని చేస్తరు."

"మక్కలా? గటుక తిని తిని నాలుక మొద్దుబారి, ఇంత తెల్లబువ్వ తిందామని గదా మా అత్త మామ బొంబై బాట పట్టింది. నువ్వు మళ్ల మక్కలే మోసుకొస్తివా?"

"గటుక కాదవ్వా, పాలల్ల ఏసుకొని తినుడు."

"పాలు నువ్వు ఇస్తవా?"

ఇక్కడ మీ సేల్స్‌మన్‌కు కంపెనీ ఇచ్చిన శిక్షణ అయిపోతుంది. ఆ అవ్వ అడిగిన దాంట్లో మొత్తం మార్కెట్ ఉంది, ఆవిడను పక్కకు తప్పించండి. డబ్బా ఖర్చుకు పాల ఖర్చు కలిపితే నలుగురు పిల్లలున్న ఇంట్లో నాష్తా ఎంతవుతుందో కాగితం కలం లేకుండా ఆవిడ చెప్పేయగలదు. చాయ్‌లోకి పాలు పావు లీటరు, అది ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. ఫ్లేక్స్ నానాలంటే తలకో గ్లాసు.

బట్టల మిల్లుల కాలంలో ఈ లెక్క ఇంకో రకంగా ఉండేది. పొద్దుటి షిఫ్టుకు ఉరికేవాడికి రాత్రి మిగిలిన అన్నంలో ఇంత సల్ల పోసి, ఉల్లిగడ్డ పెడితే సద్ది, లేకపోతే జొన్నరొట్టె మూట. 1982 జనవరిలో మిల్లుల సమ్మె మొదలైంది, రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు, ఎందరికో ఆ షిఫ్టు మళ్ళీ రాలేదు. వర్లీ, పరేల్ చాళ్ళలోని పద్మశాలి ఇళ్ళలో పొద్దుటి పూట తిండి అప్పుడు మారింది. కంపెనీ ప్రకటన వల్ల కాదు, జీతం ఆగినందువల్ల.

ఇంతకీ ముసలివాళ్ళ జొన్నలను మాత్రం చిన్నచూపు చూడకండి. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది, ప్రతిపాదించింది మన దేశమే. కనుక ఇక్కడి జొన్నలు కిలోల లెక్కన బయటికి పంపి, అక్కడ రేకులు కొట్టించి, 'ప్రాచీన ధాన్యం' అని రాయించి, గ్రాముల లెక్కన తిరిగి దింపుకోండి. అవ్వ మనవరాలు మాల్‌లో కొంటుంది. అవ్వకు ధర చెప్పదు.

నాగ్‌పాడాలో నిలిచిన అమెరికా సరుకు: దాన్ని అనుకరించకండి

మీ వాదనకు అడ్డంగా ఒక ఉదాహరణ పేట నడిబొడ్డునే ఉంది. ఎవరో ఒకరు చూపిస్తారు కాబట్టి ముందే చెబుతున్నాను.

అమెరికన్ మరాఠీ మిషన్ తరఫున వచ్చిన క్లిఫర్డ్ మాన్షార్ట్ 1920లలో నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్ తెరిచాడు. పాదిరీయే, కానీ పేటలో దిగి పేటవాళ్ళకు ఏం కావాలో చూస్తూ కూర్చున్నాడు. చదువుకునే చోటు, వైద్యం, ఆడుకునే చోటు. 1936లో టాటా ట్రస్టు డబ్బుతో సర్ దోరాబ్జీ టాటా గ్రాడ్యుయేట్ స్కూల్ ఆఫ్ సోషల్ వర్క్ మొదలైంది నాగ్‌పాడాలోని ఆ ఇంట్లోనే, మొదటి డైరెక్టర్ ఆయనే. ఇప్పుడు దేవ్‌నార్‌లో ఉన్న టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) అదే.

ఇక్కడ మనకు నచ్చనిది బాస్కెట్‌బాల్. మసాచుసెట్స్‌లో ఒక వైఎంసీఏ మాస్టారు 1891లో కనిపెట్టిన ఆట. కెలాగ్ ఫ్లేక్స్‌కు మూడేళ్ళు పెద్ద. అదీ అమెరికాదే, అదీ ఇక్కడ ఎవరికీ తెలియనిదే. నాగ్‌పాడా పిల్లలు దాన్ని ఎంత సొంతం చేసుకున్నారంటే నైబర్‌హుడ్ హౌస్, మస్తాన్ వైఎంసీఏ కోర్టుల నుంచి దేశం జట్టుకు ఆడినవాళ్ళు వచ్చారు. బొంబాయిలో నాగ్‌పాడా అంటే ఆటవాళ్ళకు ఇప్పటికీ గుర్తొచ్చేది బాస్కెట్‌బాలే. ఇరుకు పేటలో క్రికెట్‌కు చోటు లేదు, దీనికి గోడకు ఒక రింగు చాలు. బంతి ఒకటి, ఆడేవాళ్ళు పదిమంది. కాళ్ళకు బూట్లు లేకపోయినా రానిచ్చారు. నీ కబడ్డీలో పోషకాలు లేవని ఎవరూ అనలేదు.

ఇది వ్యాపారానికి పనికొచ్చే పద్ధతి కాదు. పేటలో దిగి ఏళ్ళ తరబడి ఉంటే త్రైమాసిక లెక్కలు ఎవరు చూస్తారు? మీ కంపెనీలో ఎవరైనా 'ముందు అక్కడ ఒక గది అద్దెకు తీసుకుని ఉందాం' అంటే, ఆ మనిషి సమాజసేవకు పనికొస్తాడు, దేవ్‌నార్‌కు బస్సు ఎక్కించండి.

దుకాణంలో నడవాల్సిన తీరు

డబ్బా పెద్దదే ఉండాలి. అర కిలోకు తగ్గకూడదు. చాల్‌లో ఒక్క గదిలోనే వంట, పడక, దేవుడు, పిల్లల చదువు, కొన్నిచోట్ల బీడీలు చుట్టే చాట కూడా. ఇంటి సామాను అటక మీద, అటక మీద పెద్దకొడుకు పడక. అట్టడబ్బా పెట్టడానికి చోటుండదు, పెట్టినా ఎలుకలు అందులో సగం వాటా అడుగుతాయి. అయినా పెద్ద డబ్బా ఇంటికి హోదా. సగం గాలి ఉన్నా హోదాయే.

దుకాణదారుడు పది రూపాయల ప్యాకెట్ల లడీలు అడుగుతాడు, తలుపుకు వేలాడదీస్తానంటాడు. ఆయనకు ఆ లడీ ఇస్తే ఏమవుతుందో ఇప్పటికే చూశాం. బడి నుంచి వచ్చే పిల్లలు చాకోస్ ప్యాకెట్టు కొని, పాలూ గిన్నే చెంచా లేకుండా, నడుస్తూ, చిప్స్ తిన్నట్టు తినేస్తారు. సాయంత్రం నాలుగున్నరకు. మీ డబ్బా మీద పొద్దున అని రాసి ఉంటే సాయంత్రం తినడం నిబంధనల ఉల్లంఘన. తమ సరుకు ఎవరు, ఎప్పుడు, ఎలా తింటారో వాళ్ళే తేల్చుకోనిచ్చిన కంపెనీలు చిల్లరతో జేబులు నింపుకున్నాయి. మనకు కావలసింది నోట్లు.

ఉద్దెర ఇవ్వకండి. ఈ గల్లీల్లో ఖాతా పుస్తకం మీదే నెల గడుస్తుందని, అటుకులు పావుకిలో కూడా ఖాతాలోనే రాస్తారని దుకాణదారుడు చెబుతాడు. చెప్పనివ్వండి. 'డ్యామేజ్ సరుకు వెనక్కి తీసుకుంటారా సేఠ్?' అంటే మీ సేల్స్‌మన్ ఫోన్ వచ్చినట్టు నటించాలి. స్కీం కింద పన్నెండు డబ్బాలకు ఒక డబ్బా ఉచితం ఇవ్వొచ్చు, ఎలాగూ పదమూడూ మిగులుతాయి.

పన్నుల గురించి ఎవరైనా లేవదీస్తే, 2025 సెప్టెంబర్ 22 నుంచి కార్న్ ఫ్లేక్స్ మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగిందని గర్వంగా చెప్పండి. గోనె సంచిలోంచి కొలిచి ఇచ్చే అటుకుల మీద అసలు పన్నే లేదన్న మాట వాళ్ళే గుర్తు చేసుకోవాలి తప్ప మీరు చెప్పకూడదు.

సరుకు మిగిలితే

మిగులుతుంది. అప్పుడు మీ దగ్గరికి ఒక ప్రమాదకరమైన మనిషి వస్తాడు, ఫర్సాన్ దుకాణం నడిపేవాడు. బజారు చివడాకు అతను వాడే మకై పోహా వేరే రకం, దళసరిగా ఉండి నూనెలో వేస్తే పొంగుతుంది. కానీ డబ్బా ఫ్లేక్స్‌తో ఇళ్ళలో చేసే చివడా కూడా అతనికి తెలుసు: కాస్త నూనెలో పల్లీలు, పుట్నాలు, కరివేపాకు, పచ్చిమిర్చి, ఎండుకొబ్బరి ముక్కలు వేయించి, పసుపు, ఉప్పు, చిటికెడు చక్కెర వేసి, ఫ్లేక్స్ గుమ్మరించి మూకుడు ఒకసారి ఎగరేస్తాడు. గాలి చొరబడని డబ్బాలో పోసి, పొట్లం కట్టి, చాయ్ వేళకు అమ్ముతాడు. జూలైలో కూడా. డాక్టర్ కెలాగ్ గారు జీవితమంతా దేన్నయితే తిండిలోంచి తీసేయమన్నారో అదంతా తిరిగి అందులో వేస్తాడు.

మీ సరుకు ఎక్స్‌పైరీకి ఇంకా నెల ఉండగానే, కొన్న ధరకు కాకపోయినా, మొత్తం ఎత్తుకుంటానంటాడు. ఒప్పుకోకండి. అమ్మితే మీ సరుకు ఈ పేటలో అమ్ముడుపోతుందని రుజువవుతుంది, హెడ్డాఫీసుకు మీరు రాసిన 'మార్కెట్ ఇంకా పరిపక్వం కాలేదు' అన్న రిపోర్టు అబద్ధమైపోతుంది. గోదాంకు తాళం వేసి ఇంటికి వెళ్ళండి. మర్నాడు అతను మళ్ళీ ఫోన్ చేసి, "సేఠ్, నిన్న శాంపిల్‌కని ఇచ్చిన పెట్టె అయిపోయింది, ఇంకో పది పంపు" అంటే, రాంగ్ నంబర్ అని పెట్టేయండి.